ఇరవయ్యో తారీఖు

“మా అమ్మ పేరు ముందు ‘కీర్తిశేషులు’ పడిందా అమ్మా?” అని అడిగారు శ్యామ్‌సుందర్ గారు. మజ్జిగ గ్లాసు పట్టుకుని సుమతి కుర్చీ వెనకాల నిలబడి, ఆమె కంప్యూటర్లోకి వంగి చూస్తున్నారు.

“పడింది సార్. కీర్తిశేషులు రాజేశ్వరమ్మ గారు.”

“‘శ్రీమతి’ కూడా వెయ్యి. ఆవిడ పసుపు కుంకాలతో పోయింది.”

సుమతి వేసింది.

శనివారం ఆయనకి సన్మానం. ఎడిసన్‌లో లాయరుగా ముప్ఫై ఏళ్ళు నిండాయి. ఊళ్ళో ఉన్న నాలుగు తెలుగు సంఘాలకీ ఒకదానితో ఒకదానికి మాటల్లేవు గానీ, ఈ ఒక్క విషయంలో కలిసి కమిటీ వేసుకున్నాయి. అభినందన సంచిక మర్నాడు ప్రింటర్‌కి వెళ్ళాలి. అందులో పన్నెండు పేజీల జీవిత చరిత్ర రాసింది సుమతి. కింద మాత్రం ‘సంపాదక వర్గం’ అని పడుతుంది. ఆఫీసులో ఆమె కేస్ మేనేజరు. వచ్చిన ఉత్తరం విప్పడం దగ్గర్నుంచి, ఫారాలు నింపి, కట్ట కట్టి, కొరియర్ మనిషికి అప్పజెప్పేదాకా అంతా ఆమె చేతుల మీదుగానే నడుస్తుంది. విశాఖపట్నంలో లా చదువుకుంది, తెలుగు బాగా రాస్తుంది, పైగా కాదనలేని చోట ఉంది. కమిటీవాళ్ళకి ఇంకెవరి పేరూ తట్టలేదు.

రాయడం ఏమంత కష్టం కాలేదు. టౌన్‌షిప్ లైబ్రరీలో తెలుగు పుస్తకాల గది ఆయన పెట్టించిందే. ఊరి వాలంటీర్ అంబులెన్సు వెనక తలుపు మీద ఆయన పేరుంది. ప్రతి శనివారం కమ్యూనిటీ హాలు కింది అంతస్తులో కూర్చుని, వీసా చిక్కుల్లో పడ్డ పిల్లలకి ఉచితంగా సలహా చెప్తారు. కారు ప్రమాదాల్లోనో, ఈతకు వెళ్ళో, నిద్రలో గుండె ఆగో పోయిన పిల్లల్ని పెట్టెల్లో పెట్టి ఇండియా పంపే పని కూడా ఆయనే నెత్తిన వేసుకున్నారు. ఓసారి మార్చురీలో ఒకబ్బాయి కాలి వేలికి కట్టిన చీటీ మీద ఇంటిపేరు తప్పు పడింది. ఆయన ఆ చల్లటి కాలిని చేత్తో పట్టుకుని, చీటీ మార్చేదాకా వదల్లేదు. సుమతి కళ్ళారా చూసింది. రాసిన వాటిలో ఆమెకి బాగా నచ్చిన పేరా అదే. ఆయన అదొక్కటే కొట్టేయించారు.

“శుభమా అని సన్మానం చేస్తుంటే శవాలెందుకమ్మా” అన్నారు.

మధ్యాహ్నం శ్యామ్‌సుందర్ గారి భార్య శశికళ గారు ఆయనకి భోజనం తెచ్చారు. తెచ్చిన రోజున ఆవిడ చేసే పని ఇంకోటుంది. కొరియర్‌కి సిద్ధం చేసిన కవర్లన్నిటికీ మూత లోపలివైపు వేలితో పసుపు చుక్క పెడతారు. పైకి కనపడితే ఇమ్మిగ్రేషన్ ఆఫీసర్లు ఏదో పొడి అనుకుని హడలిపోతారని లోపల పెట్టడం అలవాటైంది. ఆ తర్వాత గోడమీది తెలుగు క్యాలెండరు ముందు నిలబడతారు.

“మూడింటినుంచి నాలుగున్నరదాకా రాహుకాలం. ఆ లోపే పంపించెయ్ సుమతీ. లేకపోతే రేపే.”

“అలాగే అక్కా.”

“పుస్తకంలో నాది ఏ ఫోటో వేస్తున్నావు?”

“మీ గృహప్రవేశం నాటిది.”

“అయ్యో, అందులో గుమ్మడికాయలా ఉంటానే! ఆయనేమో సేవ చేసి చేసి చిక్కిపోయారు, ఈవిడేమో వండి రుచి చూసి చూసి ఇలా అయిందనుకుంటారు జనం.” ఆవిడ నవ్వుతుంటే గాజులు కూడా నవ్వినట్టుంటాయి. ఆఫీసుకొచ్చే క్లయింట్లలో సగం మంది ఆ పసుపు చుక్క కోసమే వస్తారని ఆవిడ నమ్మకం. అందులో నిజం లేకపోలేదు.

రెండింటికి మైత్రి వచ్చింది.

కరీంనగర్ అమ్మాయి. మాస్టర్స్ అయ్యాక ఇక్కడే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో మూడేళ్ళ నుంచి పనిచేస్తోంది. లాటరీలో పేరొచ్చి, కంపెనీవాళ్ళు వర్క్ వీసాకి అప్లై చేస్తే, ఇమ్మిగ్రేషన్ నుంచి మరికొన్ని ఆధారాలు పంపమని ఉత్తరం వచ్చింది. ఆ జవాబు పోయిన నెల ఇరవై రెండు, శుక్రవారానికి వాళ్ళ చేతికి అందాలి. ఇరవై ఐదు, సోమవారం అందింది. గడువు దాటిందని కేసు కొట్టేశారు. కొట్టేసిన రోజునుంచి అరవై రోజుల్లో ఆ పిల్ల ఇంకో దారి చూసుకోవాలి, లేదా దేశం విడిచిపోవాలి.

“ఇంక ముప్ఫై తొమ్మిది రోజులున్నయ్ సార్” అంది మైత్రి, కుర్చీ అంచున కూర్చుని. “కోపం చేయకున్రి, ఇంకో లాయర్‌ని అడిగిన.”

“కోపమెందుకు తల్లీ. పదిమందిని అడగాలి.”

“మీ ఆఫీసు వల్లనే లేటైందని మీ ఆఫీసే లెటర్ ఇస్తే, కేసు రీఓపెన్ చేయమని అడగొచ్చంట. గ్యారంటీ లేదంట, కానీ చాన్స్ ఉందంట. మా కంపెనీ పేపర్లు మీకు ఏ రోజు వచ్చినయ్, మీరు ఏ రోజు పంపిండ్రు, అంతకన్నా ముందే ఎందుకు పంపలే. గంతే సార్. ఆ డేట్స్ రాసిస్తే చాలు.”

శ్యామ్‌సుందర్ గారు లేచి వచ్చి ఆ అమ్మాయి తలమీద చెయ్యి వేశారు. “రాసిద్దాం. సుమతి ఆంటీ చూసుకుంటుంది. ముందు అన్నం తిన్నావా? మొహం చూడు ఎలా పీక్కుపోయిందో. శశీ, పులిహోర ఉందా?”

శశికళ గారు పులిహోర పెట్టి, పక్కనే కూర్చుని తినిపించినంత పని చేశారు. మైత్రి తలవంచుకుని అంతా తినేసింది. పోతూ పోతూ సుమతి బల్ల దగ్గర ఆగి, “థాంక్స్ ఆంటీ, మీరే చూడాలె” అంది.

తలుపు మూసుకున్నాక శ్యామ్‌సుందర్ గారు చేతులు తుడుచుకుంటూ అడిగారు. “ఆ కంపెనీ పేపర్లు మనకి ఎప్పుడొచ్చాయమ్మా?”

“పద్ధెనిమిది, సోమవారం సార్.”

“ఇరవయ్యో తారీఖు సాయంత్రం వచ్చినట్టు గుర్తు నాకు.”

సుమతి కంప్యూటర్లో కంపెనీ ఈమెయిల్ తెరిచింది.

“ఇరవై సాయంత్రం అని రాయి. సంతకం నువ్వే చెయ్యి, కేస్ మేనేజర్‌వి కదా. శుక్రవారం లోపు ఇచ్చేద్దాం పాపం, ఎదురుచూస్తుంది.”

ఆయన గొంతులో దాపరికం గానీ తడబాటు గానీ లేవు. ‘శ్రీమతి’ వెయ్యమన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

పోయిన నెల ఇరవయ్యో తారీఖు బుధవారం. పొద్దున పదకొండింటికల్లా సుమతి ఆ కట్ట పూర్తి చేసింది. నూట నలభై పేజీలు, పైన రెండు చిల్లులు, అడుగున రంగు చీటీలు. సార్ సంతకం ఒక్కటే తరువాయి. శశికళ గారు క్యాలెండరు చూసి, కవరు మీద అరచెయ్యి అడ్డం పెట్టారు. “అమావాస్య. ఈ పూట గడప దాటించకు” అన్నారు. ఇరవై రెండు ఆఖరి రోజని సుమతి చెప్పింది. “రేపు వేసినా ఎల్లుండికి చేరుతుంది కదమ్మా, ఓవర్‌నైట్ కదా” అన్నారు సార్. గురువారం ఒకటిన్నరనుంచి మూడింటిదాకా రాహుకాలం. మూడుంబావుకి సంతకం పెట్టారు. కొరియర్ వచ్చి తీసుకెళ్ళాడు. ఆ రాత్రి దారిలో ఎక్కడో గాలివాన పట్టుకుని విమానాలు ఆగిపోయాయి. కవరు శని, ఆదివారాలు గోడౌన్‌లో పడుకుని సోమవారం లేచింది.

బుధవారం పంపి ఉంటే గాలివానకంటే ముందే చేరిపోయేది. కాగితాలే ఇరవై సాయంత్రం వచ్చాయని రాస్తే ఆలస్యం కంపెనీదవుతుంది, కేసు మళ్ళీ తెరవమని అడిగే దారి మూసుకుపోతుంది.

మైత్రి వచ్చి వెళ్ళిన మర్నాడు సుమతి ఆ ఉత్తరాన్ని రెండు రకాలుగా టైప్ చేసింది. ఒకదాంట్లో పద్ధెనిమిది, ఒకదాంట్లో ఇరవై. మిగతా అక్షరాలన్నీ ఒకటే. రెండూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టుకుని చూసింది. చూడ్డానికి తేడా ఏమీ లేదు. ఇరవై ఉన్న కాగితమే కొంచెం అందంగా కుదిరినట్టు కూడా అనిపించింది. సంచికకి ఆఖరి దిద్దుబాట్లు చేసి ప్రింటర్‌కి పంపింది. పంపే ముందు శశికళ గారు ఫోన్ చేసి, ‘ఆయన చేతిలో పడ్డ కాగితం ఏనాడూ ఆలస్యం కాలేదు’ అన్న వాక్యం ఎక్కడైనా పట్టిస్తావా అని అడిగారు. ఎనిమిదో పేజీలో చోటుంది. పట్టించింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి కూతురు అనిక వంటింటి గట్టు మీద కూర్చుని నారింజ వలుస్తోంది. పంతొమ్మిదేళ్ళది, కాలేజీ నుంచి వారం సెలవులకి వచ్చింది. నాలుగేళ్ళ పిల్లగా ఇక్కడికి తెచ్చింది సుమతి. తన గ్రీన్‌కార్డ్ అప్లికేషన్ శ్యామ్‌సుందర్ గారి ఆఫీసు తరఫున వేసి పదకొండేళ్ళయింది. అనికకి ఇరవై ఒకటి నిండేలోపు అది రాకపోతే తల్లి కాగితం నుంచి కూతురి పేరు ఊడిపోతుంది.

సుమతి కూరగాయలు కడుగుతూ సంగతంతా చెప్పింది.

“సో, లై చెయ్యమంటున్నాడు మీ బాస్.”

“గారు అను. లై కాదే. డేటు మార్చమంటున్నారు.”

“అమ్మా. అది లై.”

“ఆ ఆఫీసు బీరువాలో నీ పేరు కూడా ఉంది, తెలుసా?”

అనిక నారింజ తొనని నోటిదాకా తీసుకెళ్ళి ఆపింది. “అంటే నా కోసం చేస్తావా? ఆ అమ్మాయి వెళ్ళిపోతుంది, నేను ఉంటాను? అది ఇంకా వర్స్, అమ్మా. నా మీద పెట్టకు.”

“మరేం చెయ్యమంటావు?”

“ఐ డోంట్ నో. నువ్వు కదా లాయర్‌వి.”

సుమతికి నవ్వొచ్చింది. తనని ఆ మాట అని ఎన్నేళ్ళయిందో. బెండకాయలు తుడిచి, ఒక్కొక్కటీ ఒకే కొలతకి తరిగింది. మూకుడులో వేసి కలుపుతుండగా నిర్ణయం దానంతటదే అయిపోయింది.

గురువారం సాయంత్రం ఓక్ ట్రీ రోడ్డు మీద కూరగాయల షాపు వెనక పార్కింగ్‌లో మైత్రిని కలుసుకుంది. ఇద్దరూ సుమతి కారులోనే కూర్చున్నారు. వెనక సీటులో కొత్తిమీర కట్టల వాసన.

సుమతి రెండు కాగితాలు ఇచ్చింది. కంపెనీ నుంచి పద్ధెనిమిదిన వచ్చిన ఈమెయిల్ ఒకటి. ఇరవయ్యో తారీఖు ఉదయం పదకొండుకి కట్ట సిద్ధమైనట్టు ఆఫీసు కంప్యూటర్లో తను రాసుకున్న నోట్ ఇంకొకటి.

“ఆ రోజే పంపాల్సింది. అమావాస్య అని ఆపాం. ఆ రోజంతా నీ కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి.”

మైత్రి ఆమె మొహంలోకి చూసింది. “అమావాస్యనా?”

“ఊఁ.”

ఆ అమ్మాయి నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేక కిటికీ అద్దానికి నుదురు ఆనించుకుని నవ్వింది. “ఆ రోజు మా అమ్మ గూడ ఫోన్ చేసి ఇయ్యాల అమావాస్య, ఎటు పోకు అన్నది ఆంటీ. నేను ఎటూ పోలే. నా పేపర్లు గూడ పోలే.” నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని అడిగింది. “మీ బల్ల మీదే ఉంటే మీరెందుకు పంపలే?”

“సార్ సంతకం కావాలి కదమ్మా.”

“లాస్ట్ డేట్ ఇదని చెప్పలేదా?”

“చెప్పాను.”

“ఎన్నిసార్లు?”

సుమతి స్టీరింగు మీద చేతులు పెట్టుకుంది. “ఒకసారి.”

“ఒక్కసారే!” అంది మైత్రి. అందులో తిట్టు లేదు. లెక్క సరిచూసుకున్నట్టుంది, అంతే.

“అవి ఆ రెండో లాయర్‌కి ఇవ్వు. నేనే ఇచ్చానని చెప్పినా పర్లేదు. సార్ చెప్పిన తేదీ వేసి నేను సంతకం పెట్టను. రేపు ఆయనకి మొహం మీదే చెప్తాను.”

“మీ జాబ్?”

“చూద్దాం.”

మైత్రి కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. దిగబోతూ సుమతి చెయ్యి పట్టుకుని ఒకసారి గట్టిగా నొక్కింది. ఆ పిల్ల వేళ్ళు చల్లగా ఉన్నాయి.

శుక్రవారం పొద్దున సుమతి చెప్పాల్సిన మాటలన్నీ కూడదీసుకుని, పెదాలు తడుపుకుంటూ ఆయన గదిలోకి వెళ్ళింది.

“ఆ లెటర్ గురించా?” అన్నారు శ్యామ్‌సుందర్ గారు, తల ఎత్తకుండానే. “అక్కర్లేదులే అమ్మా. మైత్రే ఫోన్ చేసి వద్దంది.”

రెండో లాయర్‌కి కావలసిన కాగితాలు దొరికాయి కాబట్టి వీళ్ళ ఉత్తరంతో పనిలేకపోయి ఉంటుంది, అనుకుంది. తన సంతకం లేకుండానే పని జరిగిపోయింది. తనూ దక్కింది, ఆ పిల్లా దక్కింది. బయటికొచ్చి కుర్చీలో కూర్చుంటే వీపు మీద చెమట చల్లబడింది.

మధ్యాహ్నం ఆయన ఒక అరపేజీ ఇచ్చి, కార్యక్రమాల కాగితంలో చేర్చమన్నారు. ‘కీ.శే. శ్రీమతి రాజేశ్వరమ్మ స్మారక విద్యావేతనం. ఈ ఏడాదే ప్రారంభం.’ గ్రహీత పేరు దగ్గర చుక్కలున్నాయి.

“పేరు ఎవరిది సార్?”

“అది స్టేజి మీదే చెప్తాను. సస్పెన్స్!” అని కన్ను గీటారు.

ఇంటికి వెళ్తూ దారిలో ఆగి మల్లెపూలు కొనుక్కుంది సుమతి. పూలు పెట్టుకుని చాలా కాలమైంది.

బాంక్వెట్ హాల్లో ఆరువందల మంది. స్టేజి మీద తెర అంతా ఆయన బొమ్మే. టౌన్‌షిప్ నుంచి వచ్చిన ఒక తెల్లాయన ప్రశంసా పత్రం చదివి, శాలువా తనకే కప్పుతారేమో అనుకుని భుజాలు ముందుకు వంచాడు. అందరూ నవ్వారు. అంబులెన్సు వాళ్ళు యూనిఫాంలో వచ్చారు. సుమతి పట్టుచీర కట్టుకుని వెండి పళ్ళెంలో శాలువా, పూలదండ పట్టుకుని స్టేజి పక్కన నిలబడింది. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళకి పళ్ళెం అందించాలి. మోచేతులు లాగుతున్నాయి.

శ్యామ్‌సుందర్ గారు మైకు తీసుకున్నారు. “ఇది నా సన్మానం కాదు. మా అమ్మ సన్మానం. ఆవిడకి చదువు రాదు. అందుకని ఆవిడ పేరు మీద మొట్టమొదటి విద్యావేతనం ఒక ఆడపిల్లకే ఇస్తున్నాను. ఈ పిల్ల వీసా పోగొట్టుకుంది. ఇంటికి పొమ్మంటే పోవాల్సిన పరిస్థితి. నేను పోనివ్వను. స్టూడెంట్ వీసా మీద ఇక్కడే రెండో మాస్టర్స్ చదువుతుంది. ఫీజు మొత్తం మాది. కాలేజీలో సీటు కూడా నిన్ననే ఖాయం చేశాం. రా తల్లీ, మైత్రీ.”

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మైత్రి ఆకుపచ్చ లంగా ఓణీలో మెట్లెక్కి వచ్చింది. సుమతి ముందునుంచే వెళ్ళింది. ఆయన కాళ్ళకి దండం పెట్టి మైకు దగ్గరికొచ్చి, కాగితం చూడకుండా మాట్లాడింది.

“నా కేసులో ఆఫీసు స్టాఫ్ వల్ల ఒక మిస్టేక్ అయింది. నా లైఫ్ ఖతం అనుకున్న. కానీ సార్ ఎవ్వరినీ ఒక్క మాట అనలే. మిస్టేక్ ఎవరిదైనా బాధ్యత నాదే అన్నరు. నాకు ఇక్కడ నాన్న లేడు అనుకుంటుండె. ఇప్పుడు ఉన్నడు.”

ఆ ఆఫీసులో స్టాఫ్ అంటే ఒక్కరే అని హాల్లో చాలామందికి తెలుసు. ముందు వరసల్లో తలలు కొన్ని స్టేజి పక్కకి తిరిగాయి. కమిటీ అధ్యక్షుడి భార్య జాలిగా నవ్వింది. ఎవరో “శాలువా, శాలువా!” అని తొందరపెట్టారు. సుమతి పళ్ళెం ముందుకు చాచింది. శ్యామ్‌సుందర్ గారు శాలువా తీసి మైత్రి భుజాల చుట్టూ కప్పారు.

భోజనాల దగ్గర మైత్రే వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో పళ్ళెం, భుజం మీద శాలువా.

“సారీ ఆంటీ.”

“ఆ కాగితాలేం చేశావు?”

“సార్‌కి ఇచ్చేసిన. గురువారమే. మీ దగ్గరనుంచి డైరెక్ట్‌గ వాళ్ళింటికి పోయిన.” ఆ అమ్మాయి గొంతు తగ్గించలేదు. దాచుకోవాల్సిందేమీ ఉన్నట్టు అనిపించలేదు కాబోలు. “ఆ లాయర్ గ్యారంటీ లేదన్నడు. ఆర్నెల్లు పడుతదన్నడు. నాకున్నవి ముప్ఫై ఏడు రోజులు. సార్ దగ్గర గ్యారంటీ ఉంది. కేసు రీఓపెన్ అడగనని రాసిచ్చిన.”

“నా పేరెందుకు చెప్పావు?”

“చెప్తే పర్లేదన్నరు గదా మీరే.” మైత్రి పళ్ళెంలో పూరీని రెండు ముక్కలు చేసింది. “మీకు గూడ బిడ్డ ఉంది ఆంటీ. మీరైతే ఏం చేసెటోళ్ళు?”

అంతలో శశికళ గారు ఫోటోగ్రాఫర్‌ని వెంటేసుకుని వచ్చారు. “ఏయ్ సుమతీ, నువ్వింకా తిననే లేదా పిచ్చిదానా! పొద్దుట్నుంచి నిలబడే ఉన్నావు. రా, నోరు తెరు.” పళ్ళెంలోంచి బూరె తీసి సుమతి నోట్లో పెట్టారు. ఫోటో సరిగ్గా రాలేదని ఫోటోగ్రాఫర్ ఇంకోసారి పెట్టమన్నాడు. ఇంకోసారి పెట్టారు.

సోమవారం తొమ్మిదిన్నరకి శ్యామ్‌సుందర్ గారు లోపలికి పిలిచారు. గది నిండా పూలగుత్తులు.

“కూర్చోమ్మా. మొహం అలా పెట్టుకున్నావేమిటి? నిన్ను పంపించేస్తాననుకున్నావా?”

“అనుకున్నాను సార్.”

“ఛ. ముప్ఫై ఏళ్ళలో ఎవరినీ పంపలేదు నేను. అనిక చదువు మధ్యలో ఉందని నాకు తెలీదా?” ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఆమె ముందు పెట్టారు. “ఊరికే చదువు. నీ సంతకం కూడా అక్కర్లేదు.”

ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. గురువారం సాయంత్రం పార్కింగ్‌లో సుమతి గారు నాతో స్వయంగా చెప్పారు, ఇరవయ్యో తారీఖున నా కాగితాలు సిద్ధమయ్యాయని, ఆ రోజంతా ఆమె బల్ల మీదే ఉండిపోయాయని. ఆఫీసు కాగితాలు అనుమతి లేకుండా ఆమే తెచ్చి ఇచ్చారు. కింద మైత్రి సంతకం, తేదీ.

సుమతి రెండుసార్లు చదివింది. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అమావాస్య అన్న మాట ఒక్కటే లేదు.

“ఇది ఎవరికీ పంపను. సొరుగులో ఉంటుంది” అన్నారాయన. “నువ్వు బుద్ధిమంతురాలివి. ఏదో ఆవేశంలో చేశావు. నాకు కోపం లేదు.”

“సార్, నా గ్రీన్‌కార్డ్ ఫైలు ఒక కాపీ ఇస్తారా?”

“ఎందుకు?”

“వేరే ఎక్కడైనా చూసుకుంటాను.”

“అది నీ ఫైలు కాదమ్మా.” శనివారాలు కింది అంతస్తులో కుర్చీ ముందుకు లాక్కుని పిల్లలకి ఎంత ఓపికగా వివరిస్తారో అంత ఓపికగా చెప్పారు. “అప్లై చేసింది ఆఫీసు. పిటిషనర్‌ని నేను. ఫైలు నాది. నువ్వు వెళ్తే అది ఇక్కడే ఆగిపోతుంది. నీకు తెలియంది కాదు.”

తెలియంది కాదు. ఈ ముక్కే ఎంతమంది క్లయింట్లకి తను చెప్పిందో. కొందరు ఏడ్చేవాళ్ళు. వాళ్ళకి టిష్యూ డబ్బా జరిపేది.

“ఇంకోటి. క్లాసులు మొదలయ్యేదాకా మైత్రి వాలంటీరుగా వస్తానంది. నీకూ చేతికింద మనిషి కావాలని ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నావు. పని నేర్పు. నెమ్మదిగా అన్నీ నేర్పు.”

‘అన్నీ’ అన్నప్పుడు ఆయన నవ్వారు. ఎప్పటి నవ్వే. అందులో ఏ మార్పూ కనపడలేదు సుమతికి. బహుశా ఎప్పుడూ ఇదే అర్థం ఉండేదేమో.

పదిన్నరకి మైత్రి వచ్చింది. జుట్టు వెనక్కి ముడివేసుకుని, కొత్త నోట్‌బుక్ తెచ్చుకుంది. “గుడ్ మార్నింగ్ ఆంటీ” అని పక్కన కుర్చీ వేసుకుంది. చిప్స్ పొట్లం, నీళ్ళ సీసా బల్లమీద ఒక మూలకి సర్దుకుంది. సుమతి మాట్లాడకపోతే తనూ మాట్లాడకుండా కూర్చుంది. మాట్లాడితే నోట్‌బుక్‌లో రాసుకుంది. మంచి చేతిరాత. ఫారాలు ఏవి ఎక్కడుంటాయో, చిల్లులు పైన ఎంత దూరంలో పొడవాలో ఒకసారి చెప్తే పట్టేసింది. పనికొచ్చే పిల్ల.

పదకొండున్నరకి పోస్టు వచ్చింది. మైత్రే లేచి తెచ్చి, పైనున్న మందపాటి కవరు కత్తెరతో జాగ్రత్తగా విప్పింది. చాండ్లర్‌లో ఉంటున్న నిశాంత్ అనే అబ్బాయి పంపిన జీతం స్లిప్పులు, కంపెనీ ఉత్తరం. పైన చీటీ అంటించి ఉంది. గడువు గురువారం, దయచేసి వెంటనే చూడగలరు, మేడమ్.

మైత్రి పెన్ను తీసింది. “ఇవి మనకి ఇయ్యాల వచ్చినట్టు రాయాలా ఆంటీ?”

అద్దాల గదిలో శ్యామ్‌సుందర్ గారు ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు. ఎవరో చనిపోయినట్టున్నారు. “మీరేం కంగారు పడకండి, పెట్టె ఖర్చు కూడా మేమే చూసుకుంటాం” అంటున్నారు. గొంతు నిజంగానే వణుకుతోంది.

సుమతి కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

“ఇప్పుడే ఏమీ రాయకు. సార్‌ని అడుగు” అంది.

“సరే ఆంటీ.” మైత్రి బుద్ధిగా పెన్ను మూత పెట్టి, ఆయన ఫోన్ అయిపోయేదాకా కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.